ఎడమచేతి ఒట్టు

2002 జనవరి 9, బుధవారం

చెన్నై నుంచి కాగితం వచ్చింది. మధ్యవర్తి పేరు కార్తికేయన్, కోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మా తగవు ఇంటర్నెట్‌లోనే వింటారట, తీర్పు కూడా అందులోనే పంపుతారట. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని టైపు చేసుకుంటే చాలు. మా ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది. ఇన్నాళ్ళూ పంచాయితీ అంటే నలుగురు చేరి అరుచుకునేది. ఇంగ కరెంటు ఉంటేనే అరుచుకునేది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఈ మధ్య నాకేదీ రావడం లేదు, నిద్రతో సహా.

ఈ ఆలోచన శేషాచలానిది. నా తమ్ముడు. వేలూరు బజారులో హోల్‌సేల్ లుంగీల కొట్టు వాడిది. గుడియాత్తంలో నేను నేయిస్తాను, వేలూరులో వాడు అమ్ముతాడు, నాయన కాలం నుంచి ఇంతే. ఎగుమతులు మొదలైన కొత్తలో బ్యాంకు వాళ్ళు అడిగారని మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం రాయించారు. తోడబుట్టినవాళ్ళకు కాగితమెందుకని నాయన నవ్వాడు. తగవు వస్తే మధ్యవర్తి దగ్గరికి పోవాలని అందులో ఎక్కడో రాసి ఉందట. ఎవరు చదివారు గనక!

నేతగాళ్ళ సంఘం పెద్ద బలరామయ్య ముందే చేతులెత్తేశాడు. "ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేని పంచాయితీ ఏం పంచాయితీ అమ్మా? కర్పూరం కొట్టింది మీరే గదా" అన్నాడు. నిజమే. పోయిన జులైలో, ఆడి నెలప్పుడు, గంగమ్మ గుడిలో, మండే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి ఇద్దరం ఒట్టు వేశాం. ఇక నీ మొహం చూడనని వాడు. నోరు విప్పి నీతో మాట్లాడనని నేను. టైపు చేస్తే ఒట్టు తప్పినట్టా కాదా అని వాడు పూజారిని కూడా అడిగించాడట. నోరు కదలకపోతే తప్పు లేదన్నాడట పూజారి.

నేను కుడిచేత్తో కొట్టాను. వాడు ఎడమ చేత్తో కొట్టాడు. కుడిచెయ్యి కండువా కింద దాచుకుని, ఈగను తోలినట్టు ఎడమ చెయ్యి విసిరాడు. మోసం చేశాడు, అది వేరే సంగతి. కానీ అమ్మవారి ముందు, అక్క ముందు, ఎడమ చెయ్యి!

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. బళ్ళో అరవమే చదువుకున్నారు. నాకు అమ్మ నేర్పింది. ఇంతకన్నా మంచి తాళం మా బీరువాకు కూడా లేదు.

జనవరి 17, గురువారం

సురేంద్రన్ బ్రౌజింగ్ సెంటర్‌కు పోయి నా వాదం పంపాను. పెళ్ళికి ముందు టైప్‌రైటింగ్ హయ్యర్ పాసైన చేతులు నావి. నేను కొట్టే కొట్టుడుకు సురేంద్రన్ లేచి వచ్చి, "అమ్మా, మెల్లగ. ఇది మిషను గాదు, తాకితే చాలు" అన్నాడు. మెల్లగా కొడితే కోపం దిగదు కదా.

రాసిందాంట్లో ముఖ్యమైంది ఇదే. 'రెండు చిలకలు' మార్కు చీటీ మా నాయనది. ఒప్పందం ప్రకారం నా మగ్గాల మీద చేత్తో నేసిన లుంగీకే ఆ చీటీ అంటించాలి. పోయిన జూన్‌లో, ఆని నెలప్పుడు, ఆంబూరులో ఒక పెళ్ళికి పోతే, పెళ్ళివారు పంచిపెట్టిన లుంగీల మీద మా చిలకలు కనబడ్డాయి. అంచు పట్టుకుంటే చాలు, ఈరోడ్డు ఊళ్ళో మరమగ్గం మీద నేసిన గుడ్డ అని తెలిసిపోయింది. ఫోన్ చేసి అడిగితే "ఇప్పుడు అందరూ అదే చేస్తా ఉండారు అక్కా" అన్నాడు. ఇంకేం చెబుతాడు? నేను సరుకు ఆపేశాను. నేను సరుకు ఆపడమే ఒప్పందం తప్పడమని వాడు, చీటీ మార్చడమే తప్పడమని నేను.

ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. చిలకలు ఎవరివి?

జనవరి 28, సోమవారం

వాడి జవాబు వచ్చింది. నేను పేజీలకు పేజీలు రాస్తే వాడు నాలుగు ముక్కలు రాసి పంపాడు. నా మాటకు ఇచ్చే విలువ అంతేనేమో.

ఫిబ్రవరి 6, బుధవారం

మొదటి విచారణ. కార్తికేయన్ సార్ చెన్నైలో, వాడు వేలూరులో, నేను సురేంద్రన్ ఫ్యాను కింద. లాయర్లు వద్దు, ఎవరి మాట వాళ్ళే ఇంగ్లీషులో టైపు చేయాలని సార్ ముందే చెప్పారు.

సార్ ప్రశ్న అడుగుతారు. నేను ఠకఠకా కొట్టి పంపేస్తాను. తర్వాత వాడి వంతు. తెర మీద ఏమీ రాదు. ఫ్యాను తిరుగుతుంది. పక్క కుర్చీలో కాలేజీ పిల్లలు వచ్చి కూర్చుని, పని చూసుకుని వెళ్ళిపోతారు. అప్పటికి "ఆమె సరుకు ఆపింది" అని వస్తుంది. చుక్క లేదు, కామా లేదు. మళ్ళీ ఎంతసేపటికీ ఏమీ లేదు. కావాలనే చేస్తున్నాడు. నన్ను కాచుకోబెట్టడం వాడికి చిన్నప్పటి నుంచీ సరదా. బడికి బయల్దేరేటప్పుడు చెప్పు దొరకలేదని నన్ను వాకిట్లో నిలబెట్టేవాడు.

మధ్యలో ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ముక్క వచ్చింది. "అంకప్ప కన్ను ఎట్ల ఉండాది."

అంకప్ప మా మగ్గాల మేస్త్రీ. శుక్లాల ఆపరేషన్ అయింది. సార్ వెంటనే, ఇది ఏ భాష, దీనికీ తగవుకూ సంబంధం ఏమిటి అని అడిగారు. సంబంధం లేదు సార్ అని కొట్టాను. ఆపరేషన్ బాగా అయింది, మళ్ళీ మగ్గం ఎక్కాడు అని కూడా కొట్టాను. అంకప్ప గురించి కాబట్టి చెప్పాను. వాడి కోసం కాదు.

ఫిబ్రవరి 7, గురువారం

నాకేం కోపం లేదు. న్యాయం కావాలి, అంతే.

ఫిబ్రవరి 20, బుధవారం

అంకప్ప వచ్చాడు. గట్టు మీద కూర్చుని ఆపరేషన్ అయిన కన్ను తుడుచుకున్నాడు. నేనే కాఫీ ఇచ్చి ఏమని అడిగాను.

"ఏముండాది అమ్మా. గోడౌన్ నిండా గుడ్డ పడి ఉండాది. చిలకలు మనవి గాకుండా పోతే దాన్ని ఎవరు కొంటారు? పచ్చయమ్మ అప్పుడే బీడీలు చుట్టేదానికి పోతా ఉండాది. నేను గూడా పోయి ఆకు కత్తిరించాల్నా?"

పచ్చయమ్మ అతని భార్య. వీధిలో నాలుగు ఇళ్ళలో మగ్గం ఆగిపోయింది. వాళ్ళ పిల్లలు అగ్గిపెట్టెల పనికి పోతున్నారు. నేను గెలవకపోతే మిగతావీ ఆగుతాయి. ఇది నా పట్టుదల సంగతి కాదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎప్పుడైనా నాకే అనుమానం వస్తే చదువుకోవడానికి.

పోతూ పోతూ అంకప్ప, "చిన్నయ్య వచ్చి గుడ్డ విదిలించి చూస్తే మాకు అదొక తృప్తి అమ్మా. యాడ, చిత్తిర నుంచి రానే లేదు" అన్నాడు.

అవును, శేషాచలం పోయిన చిత్తిర నుంచే, అంటే ఏప్రిల్ నుంచే, రావడం మానేశాడు. అప్పుడే ఈరోడ్డు దారి పట్టి ఉంటాడు, మొహం ఎట్లా చూపిస్తాడు? అంతకుముందు నెలనెలా వచ్చేవాడు. మడత లుంగీ మూల ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో ఒక్క విదిలింపు విదిలిస్తే మొత్తం గుడ్డ గాలిలో పరుచుకుని కిందికి దిగేది. నాయన ఇద్దరికీ నేర్పాడు. నాకు సగమే వచ్చింది.

మార్చి 4, సోమవారం

గాయత్రి ఫోన్ చేసింది. వాడి భార్య. "వదినా, బాగుండారా?" అంది. ఉండామన్నాను. తర్వాత ఏమీ అనలేదు, పెట్టేయనూ లేదు. బజారు చప్పుడు వినబడుతూ ఉంది. "ఏమి విషయం?" అంటే, "ఏం లేదు వదినా, ఊరికే" అంది. రాజీకి రమ్మని వాడే చేయించి ఉంటాడు. నేనే పెట్టేశాను.

మార్చి 11, సోమవారం

అలసటగా ఉంది. రాయడానికి ఏమీ లేదు.

మార్చి 27, బుధవారం

సార్ సరుకును కళ్ళతో చూడాలంటున్నారు. కెమెరా ఉన్న సెంటర్ నుంచి మాట్లాడాలి. వాకబు చేస్తే కెమెరాలు ఉన్నది వేలూరులో ఒక్క సెంటర్లోనే. వాడూ అక్కడికే రావాలి, నేనూ అక్కడికే పోవాలి. చెన్నై మీదుగా మాట్లాడుకోవడానికి ఇద్దరం ఒకే ఇంటికి పోతున్నామన్నమాట. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "దీనికి బస్సెక్కి పోవాల్నా? మన నడింట్లో ఒక దుప్పటి కట్టి ఉంటే సరిపోయేది గదా!"

ఒట్టు తప్పకుండా సార్‌కు వాడే ముందుగా రాశాడు. వాడు ముందు వచ్చి గదిలో కూర్చుంటాడట, తర్వాత నేను రావాలి. అయ్యాక నేను ముందు పోవాలి. కెమెరా గుడ్డ మీదికి తిప్పి పెడతాడట, మొహం మీదికి కాదు. ఒట్టు మాత్రం భద్రంగా కాపాడుకుంటున్నాడు పెద్దమనిషి. వేసింది ఎడమ చేత్తో.

ఏప్రిల్ 10, బుధవారం

వేలూరు పోయి వచ్చాను. అన్నం ముందు పెట్టుకుని లేచేశాను. వరసగా రాయాలి, లేకపోతే తల తిరుగుతుంది.

సెంటర్లో ప్లైవుడ్ పలకలు పెట్టి చిన్న చిన్న గదులు చేశారు. నన్ను కూర్చోబెట్టిన దానికి పక్కదే వాడిది. నేను కూర్చోగానే పలక అవతల దగ్గు వినబడింది. నాకు తెలిసిన దగ్గే. తర్వాత చెవికి పెట్టుకున్న దాంట్లో అదే దగ్గు మళ్ళీ వచ్చింది, చెన్నై దాకా పోయి వచ్చినట్టు. నాకూ సార్‌కూ మధ్య టైపు, వాడికీ సార్‌కూ మధ్య మాట. నేను నోరు విప్పితే పలక అవతలికి వినబడుతుంది కాబట్టి టైపుకు ఒప్పుకున్నారు.

తెర మీద ఒక బల్ల కనబడింది. బల్ల మీద మడత లుంగీ, చిలకల చీటీ. ఒక చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి. ఆ చెయ్యి కిందికి పోయి, ఇంకో చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకి తెచ్చి, లుంగీ మూల మీద పెట్టింది. కాగితాలు ఎగరకుండా రాయి పెడతామే, అట్లా పెట్టింది. ఆ రెండో చెయ్యి పెట్టినచోటే ఉండిపోయింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నాయన ఉంగరం ఉన్న వేలు కూడా.

నేను చూస్తూనే ఉన్నాను. అర్థం కావడానికి టైము పట్టింది. కాదు, అర్థం కాకుండా ఉండడానికి నేనే టైము తీసుకున్నాను.

ఎడమ చెయ్యి మడత విప్పబోయింది. ఒక పొర వచ్చింది, ఇంకోటి ఇరుక్కుంది. లాగితే లుంగీతో పాటు కుడిచెయ్యి కూడా జరిగింది. మళ్ళీ దాన్ని ఎత్తి మూల మీద పెట్టుకున్నాడు.

"కొంచెం రెండు చేతులతో విప్పి, అంచు చూపించండి. సరిగ్గా కనపడడం లేదు" అన్నారు సార్, అరవంలో.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు పలక అవతల. ఆ గొంతు నేను విన్నాను, చెవిలో రాకముందే.

గాలిలో గుడ్డ పరిచే చెయ్యి అది. టక్... టక్... అని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది, కావాలనే కాచుకోబెడుతున్నాడని నన్ననుకునేట్టు చేసింది, అంతా ఆ ఎడమ చెయ్యే. గుడిలో కండువా కింద దాచింది ఈ చేతినే.

నేను కొట్టడం మొదలుపెట్టాను. అంత మెల్లగా ఎప్పుడూ కొట్టలేదు. "సార్, గుడ్డ విప్పించవద్దు. చూడక్కర్లేదు. అది ఏ మగ్గం గుడ్డో ఆయన్నే అడగండి. ఆయన ఏం చెప్పినా నాకు సమ్మతమే."

నా చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే, దాన్ని వదిలేస్తున్నారు, బాగా ఆలోచించుకున్నారా అని సార్ రాశారు. ఆలోచించుకున్నానని కొట్టాను. అంకప్ప తుడుచుకునే కన్ను గుర్తొచ్చింది. అయినా కొట్టాను. మా వాడు లెక్కలు దాస్తాడు, జబ్బు దాస్తాడు, సూటిగా అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేడు. చిన్నప్పుడు పెరుగు దొంగతనం కూడా అడగ్గానే ఒప్పుకునేవాడు.

సార్ అడిగారు. పలక అవతల కుర్చీ కిర్రుమంది.

"మరమగ్గమే సార్. ఈరోడ్డు సరుకు. చీటీ అంటించింది నేనే. మా అక్క చెప్పింది నిజం."

ఇది కూడా రెండుసార్లు విన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

ఎడమ చేత్తో కొట్టాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. బలరామయ్యకు చెప్పాను. సార్‌కు పంపిన వాదంలో కూడా టైపు చేశాను, సంబంధం లేకపోయినా. వాడు అది చదివి ఉంటాడు.

ఏప్రిల్ 19, శుక్రవారం

ఫోన్ దగ్గర కూర్చుంటున్నాను. చేయడానికి లేదు. నోరు విప్పి మాట్లాడనని ఒట్టు వేసిన మహాతల్లిని నేనే.

మే 2, గురువారం

తీర్పు వచ్చింది. గెలిచాను. చిలకల చీటీ చేమగ్గం లుంగీకే తప్ప దేనికీ అంటించకూడదు. నా సరుకు వాడు మళ్ళీ తీసుకోవాలి. వాడి కొట్టులో మిగిలిన మరమగ్గం లుంగీల మీది చీటీలు తీసేయాలి. చివర ఒక వాక్యం ఉంది. "ఈ పని ఉభయులూ ఒకే చోట కూర్చుని, స్వయంగా చేయవలెను." ఇది నేనూ అడగలేదు, వాడూ అడగలేదు. కార్తికేయన్ సార్ తెర మీద నాకన్నా ఎక్కువే చూసినట్టున్నారు.

అంకప్ప ఆనందంతో కేకలు పెట్టాడు. పచ్చయమ్మ బీడీల చాట తిరిగి ఇచ్చేసి వచ్చింది. వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచాం. నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. తీపి తెలిసింది, సంతోషం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

మే 9, గురువారం

వేలూరు. వాడి కొట్టు.

పరుపు మీద వీపూ వీపూ ఆనించి కూర్చున్నాం. వాడు వీధి వైపు, నేను బీరువాల వైపు. గాయత్రి కట్టలు విప్పి సగం వాడికి, సగం నాకు పెట్టింది. వాడు లుంగీని మోకాలి కింద నొక్కిపెట్టి ఎడమ చేత్తో చీటీ ఒలుస్తున్నాడు. చూడలేదు, వీపుకు తెలుస్తోంది. బాగా చిక్కిపోయాడు.

"గాయత్రీ, చెయ్యి ఎప్పుడు పోయిందో మీ ఆయన్ని అడుగు" అన్నాను.

గాయత్రి అడగలేదు. వాడే వీధికి చెప్పాడు. "చిత్తిరలో. పొద్దున పండ్లు తోముకుంటా ఉంటే బ్రష్షు జారి పడింది. మళ్ళా పట్టుకోలేకపోతిని."

"నాకు చెప్పాలని తెలీదా, అడుగు."

"నాయనకు గూడా ముందు చెయ్యే గదా పోయింది. నువ్వే తినిపిస్తివి, నువ్వే తుడిస్తివి, నువ్వే సాగనంపితివి. మళ్ళా నిన్ను పిలిచేదానికి నోరు రాలేదు. గుడియాత్తం వస్తే నువ్వు కనిపెట్టేస్తావు. ఈరోడ్డు వానికి నా చెయ్యి యాడుంటే ఏమి? లారీలో తెచ్చి దించిపోతాడు. అందుకే ఆ గుడ్డ కొంటిని."

నాకు కోపం వచ్చింది. జాలి పడుతూనే కోపం వచ్చింది. "చెయ్యి పోతే పోయింది, నాయన చీటీ మీద అబద్ధం ఆడొచ్చా? అంకప్ప వాళ్ళు ఏం కావాల? అడుగు గాయత్రీ."

"ఆడకూడదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కోపానికి పట్టు జారిపోయింది.

"టైపు అన్నా ఇంగొకరి చేత చేయించుండొచ్చు గదా, అడుగు."

వాడి వీపు కొంచెం కదిలింది.

"నీకు చెప్పాల్సింది ఇంగొకని చేత చెప్పించేదా అక్కా?"

ఏడ్చాను. వాడికి కనబడదు కదా అని ధైర్యంగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. గాయత్రి నా పక్కన వచ్చి కూర్చుంది. చిలకలు పరుపు నిండా పడి ఉన్నాయి.

ఒట్టు దించుకోవాలి. పూజారిని మా ఆయన అడిగి వచ్చాడు. వేసిన చోటే మళ్ళీ కర్పూరం వెలిగించి, చేత్తో కొట్టి ఆర్పాలట. వేసింది ఏ చేత్తో అయినా సరే, దించేది కుడిచేత్తోనే. అమ్మవారి తలను ఊరేగించే సిరసు పండగ రోజు తెల్లవారుజామునే రమ్మన్నాడట, ఊరేగింపు జనం చేరకముందే.

మే 15, బుధవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కొంచెమే రాయగలను.

సిరసు పండగ. మగ్గాలన్నీ ఆగాయి. వాడు మొదటి బస్సుకు వచ్చాడు.

ముందు నాది కొట్టి ఆర్పాను. తర్వాత వాడి పళ్ళెం. వాడు ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తుకున్నాడు. విసరలేడు, ఆనించాలి. ఆ చేతికి వేడి తెలియదు. కాలినా తెలియదు.

వాడి చెయ్యి కింద నా అరచెయ్యి పెట్టాను. ఇద్దరి చేతులూ కలిపి దించాను. ఆరేదాకా తియ్యలేదు.

వాడు నా మొహం చూశాడు. "కాలిందా అక్కా?" అన్నాడు.

ఒట్టు దిగాక నోరు విప్పి వాడితో అన్న మొదటి మాట అబద్ధం. గంగమ్మ ముందే అన్నాను.

"లేదురా."